చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798 నవంబరు 10 – 1884 డిసెంబరు 12) తెలుగు భాషాసాహిత్యాలకు విశేషమైన సేవ చేసిన ఆంగ్లేయుడు. ఈస్టిండియా కంపెనీ సివిల్ ఉద్యోగి. సి.పి.బ్రౌన్ అనే పేరుతో ప్రసిద్ధుడు. వేమన పద్యాలను సేకరించి, పరిష్కరించి, ఆంగ్లానువాదంతో తొలిసారి అచ్చువేయించాడు. తెలుగు – ఇంగ్లీషు, ఇంగ్లీషు – తెలుగు నిఘంటువులను కూర్చాడు. వేలాది తాళపత్ర ప్రతులను సేకరించి నకళ్ళు వ్రాయించాడు.

మద్రాసులో ఓడ దిగేనాటికి బ్రౌనుకు తెలుగు రాదు. అక్షరాభ్యాసంతో మొదలుపెట్టి, పదేళ్ళలో తెలుగు ఛందస్సుపై గ్రంథం ప్రకటించే స్థాయికి చేరుకున్నాడు. ఒక ప్రాచీన భాషలో ప్రాథమిక పాఠాలు ముగించిన విద్యార్థి ఆ భాషలోని కావ్యాన్ని స్వయంగా చదవాలంటే అతనికి వ్యాకరణం, నిఘంటువు, సవ్యాఖ్యానమైన పరిష్కృత పాఠం కావాలి. ఐరోపాలో గ్రీకు, లాటిన్ విద్యార్థులకు ఈ సాధనాలు తరతరాలుగా అందుబాటులో ఉన్నాయి. తెలుగు నేర్చుకోదలచిన పరభాషీయునికి ఆనాడు అవి చాలినంతగా లేవు. లేనివాటిని తానే సమకూర్చుకోవడానికి బ్రౌను తన జీవితంలో అధికభాగాన్ని వినియోగించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

బ్రౌను కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. ఈయన కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలకు ప్రోవోస్టుగా కూడా పనిచేశాడు. తల్లి ఫ్రాన్సిస్ కౌలీ. తండ్రి బహుభాషావేత్త కావడం వలన పిల్లలకు చిన్ననాటి నుంచే ఇంట్లో పలుభాషల పరిచయం కలిగింది. హీబ్రూ, పారశీ, హిందుస్తానీ వంటి ప్రాచ్యభాషలు బ్రౌనుకు ఆ విధంగా అబ్బాయి. గ్రీకు, లాటిన్ భాషలలోనూ అతడు ప్రవేశం సంపాదించాడు.

1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లాండుకు తరలిపోయింది. అక్కడ హెయిలీబరీలోని ఈస్టిండియా కళాశాలలో చేరి బ్రౌను సివిల్ సర్వీసు శిక్షణ పొందాడు. కంపెనీ కొలువుకు పంపే యువకులకు భారతీయ భాషలతో పాటు గ్రీకు, లాటిన్ భాషలు కూడా నేర్పే విద్యాలయమది. గ్రీకు చదివే విద్యార్థి మొదట శబ్దరూపాలు, క్రియారూపాలు వల్లెవేస్తాడు. తరువాత తేలికైన వచనం, ఆ పిమ్మట హోమరు వంటి కవుల కావ్యాలు చదువుతాడు. బ్రౌను తెలుగులో చేసిన కృషిని అర్థం చేసుకోవడానికి ఈ క్రమాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

తెలుగుతో పరిచయము

బ్రౌను 1817 ఆగస్టులో మద్రాసు చేరుకున్నాడు. ఉద్యోగంలో చేరబోయే యువకులకు దేశభాషలు నేర్పడానికి 1812లో నెలకొల్పిన ఫోర్టు సెయింటు జార్జి కళాశాలలో అతడు తెలుగు అభ్యసించాడు. వెలగపూడి కోదండరామ పంతులు అతనికి తొలిగురువు. 1820లో పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ ఏడాదే మద్రాసు గవర్నరు పదవి చేపట్టిన థామస్ మన్రో, అధికారులు ప్రజల భాష నేర్చుకోవలసిన ఆవశ్యకతను నొక్కిచెప్పేవాడు. ఆ మాటలు బ్రౌనుపై గాఢమైన ముద్ర వేశాయని చెబుతారు.

1820 ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీ వద్ద సహాయకునిగా బ్రౌను ఉద్యోగజీవితం మొదలయింది. హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. కచేరీలో అర్జీలు వినడం, సాక్ష్యాలు నమోదు చేయడం, రైతులతో సంభాషించడం వలన బ్రౌనుకు వాడుకభాష బాగా పట్టుబడింది. అయితే కచేరీ తెలుగు వచ్చినంత మాత్రాన కావ్యం అర్థం కాదు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరం అతనికి త్వరలోనే తెలిసివచ్చింది.

ఆనాటి స్థితి

అప్పటికి ఆంగ్లేయుల కోసం వ్రాసిన తెలుగు వ్యాకరణాలు లేకపోలేదు. విలియం కేరీ 1814లోను, ఎ.డి.క్యాంప్‌బెల్ 1816లోను వ్యాకరణాలు ప్రకటించారు. క్యాంప్‌బెల్ నిఘంటువు 1821లో వెలువడింది. దేశీయ పండితులు పఠించే వ్యాకరణాలలో ప్రధానమైన ఆంధ్రశబ్దచింతామణి సంస్కృత భాషలో ఉంది. అది అప్పటికే తెలుగు వచ్చినవారికి కావ్యరచనా నియమాలు తెలిపేదే కాని, కొత్తగా భాష నేర్చుకునేవారి కోసం ఉద్దేశించినది కాదు.

కావ్యాలు చాలావరకు తాళపత్రాల మీదనే ఉండేవి. తాటాకు ప్రతులలో పదానికీ పదానికీ మధ్య ఖాళీ విడిచే అలవాటు లేదు. విరామచిహ్నాలు ఉండవు. లేఖకుల పొరపాట్లు ఒక ప్రతి నుంచి మరొక ప్రతికి సంక్రమించేవి. దీనికి తోడు తెలుగు సంధుల చిక్కు ఒకటి. ద్వంద్వసమాసంలో రెండవ పదం మొదట ఉన్న క, చ, ట, త, ప అక్షరాలు గ, స, డ, ద, వలుగా మారుతాయి. అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములు అవుతారు. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అవుతారు. ఈ సూత్రం తెలియని విద్యార్థి నిఘంటువులో "ద" అక్షరం కింద "దమ్ములు" కోసం వెదికితే దొరకదు, "త" అక్షరం కింద చూడవలసి ఉంటుంది. గ్రీకు విద్యార్థికీ ఇటువంటి ఇబ్బందే ఎదురవుతుంది. భూతకాల క్రియకు ముందు చేరే అచ్చును తొలగించి మూలధాతువును పోల్చుకోగలిగితే తప్ప అతనికి నిఘంటువు ఉపకరించదు. ప్రాథమిక దశను దాటిన విద్యార్థులు ఎక్కువమంది ఆగిపోయేది ఈ మలుపు వద్దనే.

వేమన పద్యాలు

1822 తరువాత బ్రౌను మచిలీపట్నంలోను, ఆ పిమ్మట రాజమహేంద్రవరంలోను పనిచేశాడు. 1824లో, ఫ్రెంచి మతాచార్యుడు అబె దుబాయ్ హిందువుల ఆచారవ్యవహారాలను గురించి రచించిన గ్రంథం చదువుతుండగా వేమన ప్రస్తావన అతని కంటపడింది. వెంటనే వేమన పద్యాల ప్రతుల కోసం వెదకడం మొదలుపెట్టాడు. పండితులలో చాలామంది వేమనను కవిగా లెక్కించని రోజులవి. జనం నోళ్ళలో మాత్రం ఆ పద్యాలు సజీవంగా ఉన్నాయి.

కావ్యపఠనానికి వేమనతో శ్రీకారం చుట్టడం బ్రౌనుకు కలిసివచ్చింది. వేమన పద్యాలలో అధికభాగం ఆటవెలదులు. వాటిలో దీర్ఘసమాసాలు అరుదు. వాక్యం చిన్నది, భావం ఏ పద్యానికి ఆ పద్యంలోనే పూర్తవుతుంది. మాటలు ఇంటింటా వినిపించేవే. కొత్తగా చదివేవానికి ఇంతకన్న అనువైన కవి దొరకడు.

వేర్వేరు ప్రాంతాల నుంచి తెప్పించిన ప్రతులలో పద్యాల సంఖ్యా, క్రమమూ, పాఠమూ భిన్నంగా ఉండేవి. బ్రౌను వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి, పాఠభేదాలను గుర్తించి, 693 పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో ప్రకటించాడు. 1839లో 1164 పద్యాలతో మరొక కూర్పు వెలువడింది. వేమన ఖ్యాతి తెలుగుదేశం ఎల్లలు దాటడానికి ఈ ప్రచురణ దోహదం చేసింది.

ఛందస్సు

ప్రతులను పరిష్కరించాలంటే ఛందస్సు తెలియక తప్పదని బ్రౌను గ్రహించాడు. గణం తప్పినచోట అక్షరం లోపించిందనో, అధికంగా చేరిందనో తెలుస్తుంది. యతి స్థానం వలన ఏ అక్షరంతో పదం మొదలవుతుందో ఊహించవచ్చు. రెండవ అక్షరంలోని ప్రాస లేఖకుని పొరపాటును బయటపెడుతుంది. ఆ విధంగా ఛందస్సు బ్రౌనుకు పద్యపరిష్కరణ సాధనమయింది. మచిలీపట్నంలో తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితుల వద్ద ఈ శాస్త్రాన్ని అభ్యసించి, తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించే ఆంగ్ల గ్రంథాన్ని 1827లో మద్రాసులో అచ్చువేయించాడు.

పద్యకావ్యాల కన్న ముందు ద్విపద కావ్యాలను చదవడం విద్యార్థికి సులువని బ్రౌను అభిప్రాయం. ద్విపద రెండు పాదాల ఛందస్సు. ప్రతి పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి. నడక సాఫీగా సాగుతుంది, కథ ముందుకు నడుస్తుంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణం, రంగనాథరామాయణం, గౌరన హరిశ్చంద్ర వంటి కావ్యాలు ఈ ఛందస్సులోనే ఉన్నాయి. ప్రబంధాలను మాత్రమే ఆదరించిన పండితులు ద్విపదను చిన్నచూపు చూసినప్పటికీ, బ్రౌను వాటి ప్రతులను శ్రద్ధగా సేకరించాడు.

కడపలోని బ్రౌను కళాశాల

కడపలో బ్రౌను ఒక బంగళా కొని, అందులో పండితులను, లేఖకులను నియమించి జీతాలిచ్చి పోషించాడు. జనం దానిని బ్రౌను కళాశాల అని పిలిచేవారు. ఇతర ఊళ్ళకు బదిలీ అయినప్పుడు కూడా అక్కడి పని సాగుతూనే ఉండేది.

పనిలో ఒక క్రమం ఉండేది. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించేవారు. ఒక ప్రతిని ఆధారంగా తీసుకొని కాగితం మీద విశాలంగా నకలు వ్రాసేవారు. మిగిలిన ప్రతులతో పోల్చి పాఠభేదాలను చేర్చేవారు. పండితులు కూర్చుని సరియైన పాఠాన్ని నిర్ణయించేవారు. ఆపైన ప్రతిపదార్థంతో టీక సిద్ధమయ్యేది. కావ్యాలలోని పదాలకు అకారాది సూచికలు తయారుచేయించడం మరొక ముఖ్యమైన పని. ఈ సూచికలే తరువాతి కాలంలో నిఘంటువుకు పునాది అయినాయి.

ఈ కృషిలో పండితుల పాలు చాలా పెద్దది. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య రచించిన వ్యాఖ్య 1851లో బ్రౌను ప్రచురణగా వెలువడింది. ప్రబంధ కవిత్వం శిష్యుడు గురుముఖతః నేర్చుకోవలసిన విద్యగా ఉన్న కాలంలో, గురువు చెప్పే అర్థాన్ని కాగితం మీదకు ఎక్కించిన ఘనత ఈ వ్యాఖ్యాతలది. దానికయ్యే ఖర్చు భరించినవాడు బ్రౌను. జీతంలో పెద్దభాగం ఇందుకే వెచ్చించి, అప్పులపాలయ్యాడు. పేదపిల్లల కోసం కడపలోను, మచిలీపట్నంలోను ఉచిత పాఠశాలలు కూడా నడిపాడు.

గుంటూరు కరువు

1832-33లో నందన నామ సంవత్సరపు కరువు సంభవించినప్పుడు బ్రౌను గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాడు. దీనినే డొక్కల కరువు అని కూడా అంటారు. నేటి వేమూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు నాటి గుంటూరు జిల్లాలోనివే. ఈనాడు పచ్చని వరిపొలాలతో కళకళలాడే ఈ డెల్టాకు అప్పటికి కాలువలు లేవు. బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట 1855లో గాని పూర్తికాలేదు. వర్షాధారమైన సేద్యం ఎండిపోగా, జిల్లాలోని సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నరమంది దాకా మరణించారని అంచనా.

అక్కడి పరిస్థితిని తెలియజేస్తూ పంపిన లేఖలలో బ్రౌను దానిని కరువు అనే పేర్కొన్నాడు. పైఅధికారులు కొరత అనే మెత్తని మాటను కోరుకున్నారు. ఈ విషయంలో అతడు వారి ఆక్షేపణకు గురయ్యాడు. మాటకు ఉన్న అర్థాన్ని నిర్ణయించడమే వ్యాసంగంగా పెట్టుకున్న వ్యక్తి, కళ్ళెదుట మనుషులు రాలిపోతున్నప్పుడు మాట మార్చడానికి సమ్మతించకపోవడం గమనింపదగినది. 1834లో బ్రౌను ఉద్యోగం నుంచి తొలగింపబడి, ఇంగ్లాండుకు వెళ్ళవలసివచ్చింది.

లండనులో దొరికిన నిధి

లండనులో ఉన్న కాలాన్ని కూడా బ్రౌను వృథా చేయలేదు. కంపెనీ ప్రధాన కార్యాలయమైన ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణభారత భాషల వ్రాతప్రతులు చదివేవారు లేక పడి ఉండటం గమనించాడు. సంస్కృత విద్వాంసుడు హొరేస్ హేమన్ విల్సన్ సహకారంతో 2106 వ్రాతప్రతులను తిరిగి మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించాడు. వాటిని చదవగల పండితులు మద్రాసులో ఉన్నారు కాబట్టి ఆ ప్రతులు ఉండవలసిన చోటు అదేనని అతని భావన.

1838 నాటికి బ్రౌను మద్రాసుకు తిరిగివచ్చి పారశీ అనువాదకునిగా పనిచేశాడు. తరువాత తపాలాశాఖకు అధిపతి అయినాడు. తాను సేకరించిన ప్రతులను 1845లో మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించాడు. కాలక్రమంలో ఇవి మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. తెలుగు కావ్యాలను పరిష్కరించిన తరువాతి తరాలవారు ఈ ప్రతులపై ఎంతగానో ఆధారపడ్డారు.

వ్యాకరణము, నిఘంటువు, వాచకాలు

బ్రౌను తెలుగు వ్యాకరణం 1840లో వెలువడింది. 1857లో దాని రెండవ కూర్పు వచ్చింది. ఇందులో అతడు వ్యవహారభాషను పక్కన పెట్టలేదు. జనం మాట్లాడే రూపాలను, కావ్యాలలో కనిపించే రూపాలను వేరువేరుగా చూపి, మొదటి వాటి నుంచి రెండవ వాటికి విద్యార్థిని నడిపించాడు. అరసున్న, శకటరేఫలను పాటించవలసిన అవసరం లేదని తలచాడు.

నిఘంటువులు 1852 నుంచి మద్రాసులో అచ్చయినాయి. అన్యదేశ్యాల కోసం కూర్చిన మిశ్రభాషా నిఘంటువు 1854లో వెలువడింది. గ్రీకు విద్యార్థులకు సుప్రసిద్ధమైన లిడెల్, స్కాట్‌ల నిఘంటువు ఆక్స్‌ఫర్డులో వెలువడినది 1843లో. పదం ఏ కవి ఏ అర్థంలో వాడాడో ఉదాహరణలతో చూపించే పద్ధతి ఇద్దరిలోనూ కనిపిస్తుంది. బ్రౌను నిఘంటువులో మనుచరిత్ర, వసుచరిత్రలలోని పదాల పక్కనే వంటింటి మాటలు, పొలం మాటలు, కచేరీ మాటలు చోటుచేసుకున్నాయి. అందువలన ఇది కావ్యపఠనానికే కాక, పందొమ్మిదో శతాబ్ది ప్రథమార్ధంలోని సామాజిక జీవనాన్ని తెలుసుకోవడానికి కూడా ఉపయోగపడుతున్నది.

ప్రారంభదశలోని విద్యార్థుల కోసం తెలుగు వాచకం, సంభాషణల పుస్తకం, తాతాచార్యుల కథలు ప్రకటించాడు. అనంతపురం పాలకుల చరిత్రను తెలిపే రాజుల యుద్ధాల కథను 1853లో అచ్చువేయించాడు. వీటిని ఒక వరుసలో పెట్టి చూస్తే మెట్లు స్పష్టమవుతాయి. మొదట సంభాషణ, తరువాత కథలు, ఆపైన వచనచరిత్ర, ఆ పిమ్మట వేమన, ద్విపద, చివరకు ప్రబంధం. పాఠశాలలో భాష బోధించేవారికి ఈ క్రమం నేటికీ ఆలోచింపదగినదే.

చివరి దశ

అనారోగ్యం కారణంగా పదవీ విరమణ చేసి, 1855లో బ్రౌను ఇంగ్లాండుకు తిరిగివెళ్ళాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యునిగా నియమితుడయ్యాడు. తన సాహిత్యజీవితాన్ని వివరిస్తూ ఆత్మకథ వ్రాసుకున్నాడు. అవివాహితుడు. 1884 డిసెంబరు 12న తన 86వ ఏట లండనులో మరణించాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో అతని సమాధి ఉన్నది.

విమర్శలు

తాను పని ప్రారంభించేనాటికి తెలుగు సాహిత్యం నశించే స్థితిలో ఉన్నదని బ్రౌను భావించాడు. ఈ అభిప్రాయాన్ని యథాతథంగా అంగీకరించలేమని కొందరు విమర్శకులు అంటారు. తంజావూరు, మధుర ఆస్థానాలలో వికసించిన సాహిత్యమూ, గ్రామాలలో సాగిన పురాణపఠనమూ, యక్షగానమూ తెలుగును జీవంతో నిలిపాయని వారు గుర్తుచేస్తారు. ప్రబంధ కవిత్వాన్ని, దేశీయ ఆచారాలను గురించిన బ్రౌను తీర్పులలో అతని మతవిశ్వాసాల, పాలకవర్గ దృష్టి యొక్క ఛాయలు కనిపిస్తాయి. ప్రచురణల మీద బ్రౌను పేరు ప్రముఖంగా నిలవగా, పనిచేసిన పండితుల పేర్లు మరుగునపడ్డాయన్న విమర్శ కూడా ఉన్నది. ఇవన్నీ దృష్టిలో ఉంచుకున్నప్పటికీ, ప్రతులను కాపాడటంలోను, అభ్యాసకునికి సాధనాలు సమకూర్చడంలోను బ్రౌను చేసిన సేవ విలువ తగ్గదు.

గుర్తింపు

ఇరవయ్యో శతాబ్దంలో బంగోరెగా ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి బ్రౌను లేఖలను, అముద్రిత రచనలను వెలికితీసి ప్రచురించడానికి ఎంతో శ్రమించాడు. జి.ఎన్.రెడ్డి, బంగోరెల సంపాదకత్వంలో బ్రౌను సాహిత్య ఆత్మకథ 1978లో తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. పీటర్ ష్మిట్‌హెన్నర్ బ్రౌను కృషిపై రచించిన పరిశోధన గ్రంథం 2001లో ప్రచురితమయింది. కడపలో బ్రౌను నివసించిన బంగళా స్థలంలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రి కృషి ఫలితంగా సి.పి.బ్రౌన్ స్మారక గ్రంథాలయం ఏర్పడింది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయానికి అనుబంధమైన భాషా పరిశోధన కేంద్రంగా రూపొందింది. హైదరాబాదులోని ట్యాంకుబండుపై బ్రౌను విగ్రహం ఉన్నది.

ముఖ్యమైన రచనలు, ప్రచురణలు

- తెలుగు, సంస్కృత ఛందస్సుల వివరణ (1827)
- వేమన పద్యాలు, ఆంగ్లానువాదంతో (1829, మరొక కూర్పు 1839)
- తెలుగు వ్యాకరణం (1840, రెండవ కూర్పు 1857)
- మనుచరిత్ర, జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో (1851)
- తెలుగు – ఇంగ్లీషు, ఇంగ్లీషు – తెలుగు నిఘంటువులు (1852 నుంచి)
- రాజుల యుద్ధాలు (1853)
- మిశ్రభాషా నిఘంటువు (1854)
- తాతాచార్యుల కథలు (1855)